మా మామ్మ అడుగుతోంది: బీప్ రాకపోతే ఓటు పడినట్టేనా?

సీతమ్మధార_మనవడు
14 మే 2024, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. నిన్న పోలింగ్ అయిపోయింది, మా ఇంట్లో అందరం వెళ్ళి ఓటేసి వచ్చాం, మా మామ్మ మాత్రం నిన్న పొద్దున్నించి ముభావంగా ఉంది, సరిగ్గా అన్నం కూడా తినలేదు. విషయం ఏంటంటే తనకి 88 ఏళ్ళు, కిందటేడు తుంటి ఆపరేషన్ అయింది, మేముండేది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. 85 దాటినవాళ్ళకి ఇంటికే వచ్చి ఓటు వేయిస్తారని బీఎల్వో గారు (మా బూత్ ఓటర్ల లిస్టు చూసే ఉద్యోగి) చెప్తే ఏప్రిల్‌లో ఫారం 12డి నింపి ఇచ్చాం. పోయినవారం టీమ్ వచ్చింది, ఇద్దరు పోలింగ్ వాళ్ళు, మైక్రో అబ్జర్వరు, వీడియో తీసే అబ్బాయి, ఒక కానిస్టేబులు. డైనింగ్ టేబుల్ మీద అట్ట అడ్డం పెట్టి మమ్మల్ని పక్కగదిలోకి వెళ్ళమన్నారు. పార్లమెంటుకి తెల్ల కాగితం, అసెంబ్లీకి గులాబీ కాగితం. మామ్మ గుర్తు పెట్టి మడిచి కవర్లలో పెట్టి అతికించి డబ్బాలో వేసింది. ఏ ఇబ్బందీ లేదు, ఎంతో మర్యాదగా చేశారు.

వాళ్ళు మెట్లు దిగీసరికి మొదలెట్టింది. "ఏరా, బీప్ రాలేదేటి? అసలు ఓటు పడిందా?" అని. 2004 నుంచి మిషన్ దగ్గర ఆ బీప్ విన్నాకే బయటికొచ్చే మనిషి మరి. నిన్న పొద్దున్న మేం బయల్దేరుతుంటే నన్నూ కుర్చీలో మోసుకెళ్ళండి, మిషన్ మీద వేస్తాను అంది. అలా కుదరదంటే ఇంక మాట్లాడలేదు. నేను పడిందనే చెప్పాను గానీ ఆ కాగితం ఎటెళ్తుందో, ఎప్పుడు లెక్కపెడతారో నాకే సరిగ్గా తెలీదు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్, తనకి చదివి వినిపిస్తాను. మీరు ఎలా ఓటేశారో కూడా రాయండి.

మర్రిపాలెం_నర్సమ్మ
14 మే, ఉదయం 9:02

తమ్ముడూ, మామ్మగారికి చెప్పు, నేనూ బీప్ వినకుండానే ఓటేశాను ఈసారి. నాకు పోలింగ్ రోజు మెడికల్ డ్యూటీ పడింది, అందుకని ఫారం 12 ఇచ్చి, డ్యూటీవాళ్ళ కోసం పెట్టిన ఫెసిలిటేషన్ సెంటర్‌లో ముందే వేశాను. టీచర్లు, అంగన్‌వాడీ వాళ్ళు, అందరూ అక్కడే, లైను బయటిదాకా ఉంది, నేను వెళ్ళింది పదింటికి, బయటికొచ్చీసరికి ఒంటిగంట దాటింది.

అక్కడ నాకు భయం వేసింది ఎక్కడంటే కవర్ల దగ్గర. ఒక్కో ఓటుకి 13ఎ అని డిక్లరేషన్, 13బి అని చిన్న కవరు, 13సి అని పెద్ద కవరు. బ్యాలెట్ చిన్న కవర్లోకి, చిన్న కవరూ డిక్లరేషనూ కలిపి పెద్ద కవర్లోకి. అసెంబ్లీకి ఒక సెట్టు, పార్లమెంటుకి ఇంకో సెట్టు. వెనకనుంచి తోస్తుంటే గులాబీ కాగితం తీసుకెళ్ళి పార్లమెంటు కవర్లో దూర్చబోయాను, పక్కనున్న టీచరమ్మ చూసి ఆపింది. అలా మారిపోతే రెండూ చెల్లవట. పదిహేనేళ్ళ సర్వీసులో వార్డులో ఇంజెక్షన్ మార్చి ఇవ్వలేదు నేను, ఆ రోజు కవరు మార్చబోయాను, ఇంటికొచ్చాక కూడా గుండె దడ తగ్గలేదు.

చాక్‌పీస్_మాస్టారు
14 మే, ఉదయం 11:40

నిన్న రాత్రి మెషీన్లు అప్పగించి తెల్లవారుజామున ఇంటికి చేరాను, ఇప్పుడే లేచాను. నేను ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా, అంటే బూత్ బాధ్యుడిగా చేశాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను బాబూ, మామ్మగారికి నెమ్మదిగా చదివి వినిపించు.

12డి ఒప్పుకోగానే ఓటర్ల లిస్టులో వాళ్ళ పేరు పక్కన పీబీ అని గుర్తు పెడతారు, పోస్టల్ బ్యాలెట్ అని. నిన్న మా బూత్ లిస్టులో కూడా అలాంటి పేర్లు ఉన్నాయి. అవి ఉన్నవాళ్ళు బూత్‌కి వచ్చినా మిషన్ మీద వేయనివ్వం, ఎందుకంటే ఒక మనిషికి రెండు ఓట్లు అయిపోతాయి. కాబట్టి మీరు మోసుకెళ్ళకపోవడమే మంచిదయింది, అక్కడిదాకా వెళ్ళి వెనక్కి పంపితే ఆవిడ ఇంకా బాధపడేవారు.

కాగితం ఎటెళ్తుందంటే, మీ నియోజకవర్గం రిటర్నింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్తుంది, లెక్కింపు రోజు దాకా భద్రంగా ఉంటుంది. జూన్ 4న పొద్దున్న 8 గంటలకి మొట్టమొదట తెరిచేది ఈ పోస్టల్ కవర్లే. మిషన్లు ఆ తర్వాత అరగంటకి మొదలెడతారు. అంటే మామ్మగారి ఓటు మన అందరి ఓట్లకన్నా ముందు చేతికొస్తుంది. ఈ మాట తప్పకుండా చెప్పు ఆవిడకి.

సీతమ్మధార_మనవడు
14 మే, మధ్యాహ్నం 1:15

చెప్పాను మాస్టారూ. "ముందు నాదేనా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత ఇంకో ప్రశ్న వేసింది: కవరు మీద నా పేరు ఉంటుంది కదా, తెరిచినవాడికి నేను ఎవరికేశానో తెలిసిపోదా అని.

చాక్‌పీస్_మాస్టారు
14 మే, మధ్యాహ్నం 1:50

మంచి ప్రశ్న అడిగారు ఆవిడ. పేరూ సంతకం ఉండేది 13ఎ డిక్లరేషన్ మీద. లోపలి చిన్న కవరు మీద బ్యాలెట్ నంబరు మాత్రమే ఉంటుంది. ముందు పెద్ద కవరు తెరిచి డిక్లరేషన్ సరిగ్గా ఉందా, దానిమీద నంబరూ చిన్న కవరు మీద నంబరూ ఒకటేనా చూస్తారు. ఉంటే ఆ డిక్లరేషన్ తీసి పక్కన పెట్టేస్తారు. చిన్న కవర్లు అన్నీ ఆ తర్వాతే తెరుస్తారు. డిక్లరేషన్ లేకపోయినా సంతకం లేకపోయినా చిన్న కవరు తెరవకుండానే రిజెక్ట్. ఇద్దరికి గుర్తు పెట్టినా, ఎవరు వేశారో తెలిసేలా ఏదైనా రాసినా ఓటు పోతుంది. కొంతమంది బ్యాలెట్ మీద సంతకం పెట్టేస్తారు, అది చాలా పెద్ద పొరపాటు.

జాలరిపేట_కుర్రోడు
14 మే, మధ్యాహ్నం 3:25

నాకు పెద్ద రాయడం రాదు గాని నా మాట కూడా వినండి. 2019లో ఏప్రిల్ 11న ఎలచ్చన్లు, మేం అప్పటికి సముద్రం మీద ఉన్నాం. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అంటే నిషేధానికి నాలుగు రోజుల ముందు పోలింగ్ పెట్టారు. ఆ ఆఖరి రోజుల్లో వేట మానుకుంటే రెండు నెలలు ఏం తింటాం, అందుకే బోటు మీద ఉన్న ఏడుగురం ఓటు పోగొట్టుకున్నాం. నాకు అదే మొదటి ఓటు అయ్యుండేది. రేడియోలో పోలింగ్ అయిపోయిందని వింటే కడుపులో తిప్పినట్టయింది.

ఈసారి మే 13 కాబట్టి బోట్లన్నీ జెట్టీలోనే ఉన్నాయి. మా పేటలో పొద్దున్న ఆరింటికే లైను కట్టీశారు, ఆడోళ్ళు చేపల బజారు మానుకుని వచ్చీశారు. మా అయ్య, నేను, మా చిన్నాన్న, ముగ్గురం ఒకేసారి వేసినాం. నేనడిగేది ఒకటే, డ్యూటీలో ఉన్నోళ్ళకి, పెద్దోళ్ళకి ముందుగా వేసే దారి ఉంది కదా, సముద్రం మీదున్నోడికి ఎందుకు లేదు? మేం వెళ్ళే ముందు వేసి వెళ్ళిపోతాం కదా.

మల్కాపురం_కోడలు
14 మే, సాయంత్రం 4:40

జాలరిపేట తమ్ముడూ, మీ ప్రశ్న చాలా న్యాయమైనది. మా ఆయన కూడా సముద్రం మీదే, కానీ నేవీ కాబట్టి ఆయనకి దారి ఉంది. సర్వీస్ ఓటరుగా ఫారం 2 ఇచ్చారు. బ్యాలెట్ కంప్యూటర్‌లో వస్తుంది, యూనిట్‌లో పిన్ నంబరు కొట్టి డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసి గుర్తు పెట్టి పోస్టులో వెనక్కి పంపాలి. కవరు మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, లెక్కింపు దగ్గర దాన్ని స్కాన్ చేస్తారు. ముందైతే పోవడం పోస్టే, రావడం పోస్టే, కాగితం చేరేసరికే రోజులు అయిపోయేవట, మా మావయ్యగారు కూడా సర్వీసే, ఆయన చెప్తూ ఉంటారు. ఇప్పుడు వెళ్ళడం ఒక్క నిమిషం, తిరిగి రావడానికే టెన్షన్. జూన్ 4 ఉదయం 8లోపు చేరాలి, చేరకపోతే అంతే. కవరు పోస్టు చేశానని మా ఆయన ఫోన్ చేసిన రోజు నుంచి నేను రోజులు లెక్కపెడుతున్నాను.

సైన్యంలో వాళ్ళు ప్రాక్సీ పెట్టుకునే పద్ధతి కూడా ఉంది, ఇంట్లోవాళ్ళు వెళ్ళి వాళ్ళ తరఫున వేయొచ్చు, వాళ్ళకి ఎడమచేతి మధ్యవేలికి సిరా పెడతారు, సొంత ఓటుకి చూపుడు వేలు వదిలేసి. మా ఆయన ఒప్పుకోలేదు, నా ఓటు నా చేత్తోనే పడాలి అన్నారు. నేను అత్తగారితో ఇక్కడే ఉంటాను కాబట్టి మామూలు ఓటరునే, నిన్న ఇక్కడే వేశాను.

ఎన్ఏడీ_పిల్ల
14 మే, సాయంత్రం 6:30

నేను హైదరాబాద్‌లో జాబ్. ఇద్దరం ఫ్రెండ్స్‌మి శనివారం రాత్రి బయల్దేరాం, ట్రైన్‌లో వెయిటింగ్ లిస్ట్ కదల్లేదు, ప్రైవేటు బస్సు వాడు మామూలు రేటుకి మూడింతలు తీసుకున్నాడు, పైగా హైవే మీద ఎక్కడ చూసినా ఆంధ్రా వైపు వచ్చే కార్లే, ఆదివారం మధ్యాహ్నానికి గాని ఇంటికి చేరలేదు. అక్కడ కూడా 13నే పోలింగ్ కాబట్టి సెలవు దొరికింది, లేకపోతే లీవు ఇచ్చేవాళ్ళు కాదు.

బూత్‌కి వెళ్తే నా పేరు లేదు! అమ్మానాన్నలవి ఉన్నాయి, నాది లేదు. స్లిప్పు కూడా రాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి నిజంగా. అక్కడే నిలబడి ఫోన్‌లో ఓటర్ హెల్ప్‌లైన్ యాప్‌లో కార్డు నంబరు కొడితే ఇంకో పోలింగ్ స్టేషన్‌లో ఉంది, అదే స్కూలు, వెనక బిల్డింగ్. ఎవరికైనా ఇలా అయితే వెనక్కి వెళ్ళిపోకండి, ముందు యాప్‌లో చూడండి, లేకపోతే 1950కి ఫోన్ చేయండి.

అక్కయ్యపాలెం_71
14 మే, రాత్రి 7:15

అమ్మాయీ, నీ తపన మెచ్చుకోవాలి గానీ ఒక మాట. ఉండేది హైదరాబాద్‌లో అయితే ఫారం 8 పెట్టి ఓటు అక్కడికి మార్చుకోవాలి కదా. చట్టం ప్రకారం మామూలుగా ఎక్కడ నివాసం ఉంటామో అక్కడే ఓటు.

ఎన్ఏడీ_పిల్ల
14 మే, రాత్రి 7:40

మీరన్నది కరెక్టే అంకుల్, నాకు తెలుసు. కానీ రెండేళ్ళలో మూడు రూములు మారాను అక్కడ, ఓనరు అగ్రిమెంట్ రాయడు. మా వీధిలో డ్రైనేజీ గురించి, మా నాన్న పెన్షన్ గురించి అయితే నాకు తెలుసు, అక్కడి కార్పొరేటర్ పేరు కూడా తెలీదు. స్థిరపడ్డాక మారుస్తాను.

తెల్లకర్ర
14 మే, రాత్రి 8:55

నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఫోన్ చదివి వినిపిస్తుంటే ఈ థ్రెడ్ మొత్తం విన్నాను. 40 శాతం వైకల్యం ఉన్నవాళ్ళకి కూడా 12డి ఇస్తారు, మా బీఎల్వో వచ్చి అడిగారు కూడా. నేను వద్దన్నాను. ఎందుకో చెప్తాను.

కాగితం మీద అయితే నాకోసం వేరేవాళ్ళు గుర్తు పెట్టాలి. మిషన్ మీద బ్రెయిలీ ఉంటుంది, బటన్ పక్కనే నంబరు. ముందు బ్రెయిలీలో అభ్యర్థుల షీటు ఇస్తారు, వేళ్ళతో చదువుకుని ఏ నంబరో గుర్తుపెట్టుకుని మిషన్ దగ్గర తడిమి నొక్కాను. తోడుకి మనిషిని తీసుకెళ్ళొచ్చు, ఆ తోడువాళ్ళకి కుడిచేతి చూపుడువేలికి సిరా పెడతారు, చాలా ఏళ్ళు మా అన్నయ్యే వచ్చేవాడు. మా అన్నయ్య మంచివాడు, నేను చెప్పిందే నొక్కాడని నమ్ముతాను. కానీ నమ్మడం వేరు, నా వేలితో నొక్కడం వేరు. నిన్న ఒక్కణ్ణే లోపలికి వెళ్ళాను, రెండు మిషన్లు, రెండు బీప్‌లు. వీవీప్యాట్ చీటీ, అంటే ఓటు ఎవరికి పడిందో చూపించే కాగితం, ఏడు సెకన్లు కనిపిస్తుందంటారు, అది నేను చూడలేను, నాకు ఆ బీప్ ఒక్కటే రసీదు. అందుకే మామ్మగారు అడిగిన ప్రశ్న నాకు బాగా అర్థమైంది.

సీతమ్మధార_మనవడు
14 మే, రాత్రి 9:20

అన్నా, మీది చదివి వినిపిస్తే మామ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆ అబ్బాయి గట్టివాడు" అంది. రాత్రి పెరుగన్నం తింది.

సియాటిల్_వైజాగోడు
15 మే, ఉదయం 6:05

పెదవాల్తేరులో పుట్టి పెరిగాను, ఇప్పుడు అమెరికా పౌరుణ్ణి, కాబట్టి ఇక్కడి ఓటు లేదు నాకు. మా వాషింగ్టన్ రాష్ట్రంలో అందరికీ పోస్టల్ ఓటే, మామ్మగారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. పోలింగ్‌కి 18 రోజుల ముందు బ్యాలెట్లు ఇళ్ళకి పంపిస్తారు. వంటింట్లో టీ తాగుతూ పెన్నుతో నింపి కవరు మీద సంతకం పెట్టి స్టాంపు లేకుండానే పోస్టులో వేయొచ్చు, లేదా వీధిలో డ్రాప్ బాక్స్ ఉంటుంది, పోలింగ్ రోజు రాత్రి 8 దాకా. సంతకాన్ని రికార్డులో ఉన్నదాంతో పోల్చి చూస్తారు. మార్చి 12న ప్రైమరీకి అలాగే వేశాను. తర్వాత నా బ్యాలెట్ చేరిందా, ఒప్పుకున్నారా అని వెబ్‌సైట్‌లో చూసుకున్నాను. మామ్మగారు అడుగుతున్నది సరిగ్గా అదే, నా కాగితం చేరిందా అని. ఇక్కడ కూడా అలాంటిది పెడితే బాగుండు.

ఒక్కటి మాత్రం నిజం, డ్రాప్ బాక్స్‌లో కవరు వేసి కారెక్కితే ఏదో కరెంటు బిల్లు కట్టినట్టు ఉంటుంది. 2004లో బూత్‌లో లైన్లో మా వీధి మొత్తం నిలబడి ఉంటే, మా అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. అది ఇక్కడ లేదు. ఇండియా పాస్‌పోర్టు ఉన్న మా ఫ్రెండ్స్‌కి మాత్రం ఫారం 6ఎతో నమోదు చేసుకునే వీలుంది, కానీ ఓటేయడానికి మనిషే రావాలి పాస్‌పోర్టు పట్టుకుని. టికెట్ ఖర్చు చూసి ఎంతమంది వస్తారు చెప్పండి.

కంచరపాలెం_చిన్నోడు
15 మే, ఉదయం 10:30

నాది బాధాకరమైన అనుభవం. సాయంత్రం నాలుగింటికి వెళ్ళాను, నా ఓటు అప్పటికే ఎవరో వేసేశారు. నా వేలు చూపించాను, సిరా లేదు, కార్డు నాదే, ఫోటో నాదే. బూత్‌లో కూర్చున్న పార్టీల ఏజెంట్లు కూడా నన్ను గుర్తుపట్టారు. గట్టిగా అడిగితే ప్రిసైడింగ్ ఆఫీసర్ టెండర్డ్ ఓటు ఇస్తానన్నారు. మిషన్ మీద కాదు, బ్యాలెట్ కాగితం మీద గుర్తు పెట్టించి కవర్లో పెట్టుకున్నారు. అది మామూలు లెక్కింపులో లెక్కపెట్టరని బయటికొచ్చాక తెలిసింది. మరి ఎందుకు వేసినట్టు నేను?

చాక్‌పీస్_మాస్టారు
15 మే, మధ్యాహ్నం 12:10

బాబూ, చాలా బాధగా ఉంది చదివితే. వేసి మంచి పనే చేశావు. గెలుపు తేడా బాగా తక్కువై ఎవరైనా కోర్టుకి వెళ్తే ఆ టెండర్డ్ ఓట్లు అప్పుడు బయటికొస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, దొంగ ఓటు పడిందని రాతపూర్వకంగా రికార్డులో ఉంటుంది. కోపంతో ఇంటికెళ్ళిపోయుంటే ఏమీ ఉండేది కాదు.

అందరూ ఒకటి తెలుసుకోండి, ఏజెంట్లు పొద్దున్నే రావాలి. 5:30కి మాక్ పోల్ చేస్తాం, కనీసం 50 ఓట్లు వేసి లెక్క చూపించి, అవి చెరిపేసి, వీవీప్యాట్‌లో ఆ చీటీలు తీసి నల్ల కవర్లో సీల్ చేస్తాం. అది చూసినవాడికి మిషన్ మీద అనుమానం తగ్గుతుంది. వచ్చిన ఓటరు వేరే మనిషని అనుమానం వస్తే అభ్యంతరం చెప్పాల్సింది కూడా ఏజెంట్లే, నేను వేరే ఊరినుంచి వచ్చినవాణ్ణి, మీ వీధివాళ్ళు నాకు తెలీదు. మొన్న సాయంత్రం ఆరింటికి లైన్లో ఇంకా చాలామంది ఉంటే చివర నిలబడ్డ మనిషికి 1వ నంబరు చీటీ ఇచ్చి వెనకనుంచి ముందుకి పంచుకుంటూ వచ్చాం, వాళ్ళందరూ వేసేసరికి రాత్రి ఎనిమిది దాటింది. ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని మీరు అన్నం తిన్నారా నాయనా అన్నారు. తినలేదు. ఆ మాటకే కడుపు నిండిపోయింది.

మర్రిపాలెం_నర్సమ్మ
31 మే, రాత్రి 10:20

థ్రెడ్ పైకి తెస్తున్నందుకు ఏమనుకోకండి. రెండు రోజులనుంచి టీవీలో 13ఎ మీద ధృవీకరించిన ఆఫీసర్ సంతకం ఉండి స్టాంపు లేకపోతే చెల్లుతుందా చెల్లదా అని గొడవ నడుస్తోంది. నా దానిమీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం పెట్టారు, స్టాంపు వేశారో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. మూడు గంటలు నిలబడి వేసిన ఓటు, ఎవరో స్టాంపు మర్చిపోతే పోతుందా? నిద్ర పట్టట్లేదు మాస్టారూ.

చాక్‌పీస్_మాస్టారు
3 జూన్, సాయంత్రం 5:00

అమ్మా, తేలిపోయింది. ఫెసిలిటేషన్ సెంటర్‌లో ఆఫీసర్ సంతకం ఉంటే చాలు, స్టాంపు లేకపోయినా చెల్లుతుందన్న ఎన్నికల సంఘం మాట మీద హైకోర్టు జోక్యం చేసుకోలేదు, ఈరోజు సుప్రీంకోర్టు కూడా వద్దంది. హాయిగా పడుకో. ఇంకో సంగతి, గెలుపు తేడా కన్నా రిజెక్ట్ అయిన పోస్టల్ ఓట్లు ఎక్కువ ఉంటే ఆ రిజెక్ట్ అయినవన్నీ మళ్ళీ ఒకసారి చూడాలని కూడా నిబంధన ఉంది.

మల్కాపురం_కోడలు
3 జూన్, సాయంత్రం 6:12

మా ఆయన కవరు పంపి చాలా రోజులైంది, చేరే ఉంటుంది. చేరే ఉంటుందని అనుకుంటున్నాను.

సీతమ్మధార_మనవడు
4 జూన్ 2024, మధ్యాహ్నం 2:45

మామ్మ పొద్దున్న ఐదున్నరకే లేచి తలస్నానం చేసి ఏడున్నరకి టీవీ ముందు కూర్చుంది. ఎనిమిదింటికి కింద స్క్రోలింగ్‌లో పోస్టల్ బ్యాలెట్ల లెక్కింపు మొదలైందని వచ్చింది. నేను పైకి చదివాను. "అదిగో, నాది తెరుస్తున్నారు" అంది. ఎక్కడ తెరుస్తున్నార్రా అంటే ఏయూలో, ఆంధ్రా యూనివర్సిటీలో అన్నాను. మా తాతయ్య అక్కడ ముప్పై ఏళ్ళు లైబ్రరీలో పనిచేశారు. "అయితే మీ తాత ఉన్న చోటికే వెళ్ళింది" అంది. ఎనిమిదిన్నరకి మిషన్లు మొదలయ్యాయి, ఇంక అవి మీవి అని చెప్పి కాఫీ అడిగింది.

చాక్‌పీస్ మాస్టారూ, మీకు నమస్కారాలు చెప్పమంది. ఇంకోటి అడగమంది: వచ్చే ఎన్నికల ఫారం ఇప్పుడే ఇచ్చేయొచ్చా, అప్పటికి మర్చిపోతారేమో మీరందరూ అని.

చాక్‌పీస్_మాస్టారు
4 జూన్, మధ్యాహ్నం 3:30

ఇప్పుడే ఇవ్వడానికి లేదు బాబూ. నోటిఫికేషన్ వచ్చాక ఐదు రోజుల్లోగా ఇవ్వాలి, ఈసారి అది ఏప్రిల్ 18న వచ్చింది. ఆ ఐదు రోజులు దాటితే దారి లేదు. బీఎల్వో నంబరు గోడ మీద రాసి పెట్టు, ఆవిడకి కనిపించే చోట.